చెంచులక్ష్మి ఇచ్చిన రొట్టె

తెల్లారి లేచాక చెంచులక్ష్మి వేళ్ళు ముడుచుకోవాలంటే పొద్దు బారెడు పైకి రావాలి. అప్పటిదాకా ఆ చేతులు ఆమె మాట వినవు. గిన్నె పట్టుకోలేదు, కొప్పు ముడేసుకోలేదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు. వేళ్ళ మొదళ్ళలో కణుపులు ఉబ్బి ఉంటాయి, మణికట్లు ముట్టుకుంటే కాలుతుంటాయి. పక్కమీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పసిబిడ్డల్ని అప్పజెప్పిపోతే చూసుకుంటున్నట్టు వాటినే చూస్తూ ఉండేది.

పేరమ్మ వేకువనే లేచి ఆమెకు తల దువ్వేది. కుచ్చిళ్ళు దోపి, టీ గ్లాసు నోటిదగ్గర పట్టి తాగించి, అప్పుడు చేపల గంప ఎత్తుకుని మైపాడులో నెల్లూరు బస్సు ఎక్కేది. వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. పేరమ్మ పెద్దాయన భార్య, చెంచులక్ష్మి చిన్నాయన భార్య. పెద్దాయన వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ వచ్చింది, వల వచ్చింది, ఆయన రాలేదు. చిన్నాయన కామెర్లతో మంచంలోనే పోయాడు. ఇద్దరికీ పిల్లలు లేరు. చేపలు ఎండబెట్టి, ఉప్పు పట్టించి ఇంటి పని చూసేది చెంచులక్ష్మి. మోసుకుపోయి నెల్లూరు వీధుల్లో అమ్ముకొచ్చేది పేరమ్మ. అలా ఒకరి చేతుల మీద, ఒకరి కాళ్ళ మీద ఆ ఇల్లు నడిచింది.

మనుషులు వెళ్ళిపోవడమంటే పేరమ్మకు ప్రాణం మీదికి వచ్చేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ జాతరకని చెప్పి ఆమెను మేనమామ ఇంట్లో వదిలి, మళ్ళీ రానే లేదు. అప్పటినుంచీ ఎవరు గడప దాటుతున్నా కాసేపు ఆపడానికి ఏదో ఒక వంక వెతుకుతుంది. కాసిని మజ్జిగ తాగిపొమ్మంటుంది, ఎండ తగ్గనీ అంటుంది. చివరికి మిగిలిన మనిషి చెంచులక్ష్మి. ఆ మనిషి చేతులు పడిపోతుంటే పేరమ్మకు రాత్రీ పగలూ ఒకటే దిగులు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించారు. ఇవి మామూలు నొప్పులు కావనీ, ఒంట్లో రోగాల్ని ఆపే కాపలానే పొరపాటున కీళ్ళ మీద పడి కొడుతుందనీ అక్కడి డాక్టరు చెప్పాడు. వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర ఇచ్చాడు. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. గుణం కనపడటానికి నెలలు పడుతుంది, మానకూడదు అన్నాడు. ఆ మాత్ర వేసిన రోజూ మర్నాడూ చెంచులక్ష్మికి కడుపులో తిప్పేది. దువ్వెనకు వెంట్రుకలు చుట్టుకుని వచ్చేవి. వేళ్ళ వాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దసరా వెళ్ళాక ఒకరోజు చెంచులక్ష్మి తమ్ముడు మునెయ్య కోవూరు నుంచి వచ్చాడు. అతను వేట మానేసి చాలా ఏళ్ళయింది. కోవూరులో ధాన్యం తోలే చిన్న లారీ నడుపుతాడు. అతను వచ్చేసరికి చెంచులక్ష్మి వాకిట్లో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీద వాలుతున్న కాకుల్ని తోలడానికి, లేవలేక, కూర్చుని జరుగుతూ పోతోంది. మునెయ్య గడపలోనే ఆగిపోయాడు.

"ఇంక చాలు పేరమ్మక్కా" అన్నాడు, పేరమ్మ నెల్లూరు నుంచి వచ్చి గంప దించగానే. "మా అక్కను నేను తీసకపోతా. మా ఇంట్లో నా పెండ్లాం రోజారమణి ఉంటది, మనిషి సాయం ఉంటది. నువ్వు పొద్దన పోతే మధ్యాన్నానికి గానీ రావు. అప్పుటిదాకా ఈమెకు మంచినీళ్ళిచ్చే దిక్కుండాదా?"

"మాత్ర పనిచేస్తాది అబ్బయా. నెలలు పడతాదని చెప్పుండారు గదా" అంది పేరమ్మ.

"సరే, ఎండాకాలం దాకా చూస్తా. అప్పుటికీ ఇట్టనే ఉంటే మాత్రం నువ్వు అడ్డం రాగూడదు. ఇంకో మాట. నాటు మందులూ, పొడులూ పెట్టబాక. మా అత్త అవి తినే కిడ్నీలు పోగొట్టుకునింది. పెట్టనని నా తలకాయ మీద చెయ్యేసి చెప్పు."

పేరమ్మ అతని తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఆ పూట ఆ ఒట్టు మనసారానే వేసింది.

ఆ ఒట్టు సంక్రాంతి దాకా కూడా నిలవలేదు. మిషను కుట్టే సర్దార్‌బీ నెల్లూరు కోటమిట్టలో ఉంటుంది. పేరమ్మ దగ్గర చేపలు కొనేవాళ్ళలో పాత మనిషి. ఒకరోజు ఆమె మోకాళ్ళు వంచి కింద కూర్చుని చేపలు ఏరుతుంటే పేరమ్మ కళ్ళప్పగించి చూసింది. అంతకుముందు ఆమె గుమ్మంలో నిలబడే బేరమాడేది.

"ఏందిమే, కొత్త కాళ్ళు వేయించుకున్నావా?"

"బిట్రగుంటలో ఒకాయన మూలికల పొడి ఇస్తాడు" అంది సర్దార్‌బీ. "పక్కింటామెది కాస్త తెచ్చుకుని తాగినా. వారం గూడా కాలా. నేను ఇప్పుడు మానేసినాలే, వీపున వేడిపొక్కులు వచ్చినాయి. మీ చెంచులక్ష్మికి పనికొస్తదేమో చూడు. నా మాట మీద మాత్రం పోవద్దు, నీకు తోస్తే పో."

పేరమ్మ మర్నాడే రైలెక్కి బిట్రగుంట పోయింది. రైల్వే కాలనీ దాటాక ఒక పెంకుటిల్లు, దాని వసారాలో బారుగా కూర్చున్న జనం. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. అశ్వగంధ, శొంఠి, గుగ్గిలం, నల్లేరు, పసుపు అంటూ ఒక్కో పేరూ చెప్పాడు. పేరమ్మకు అన్నీ వంటింట్లోనో పెరట్లోనో విన్న పేర్లే. భయపడాల్సిన పేరు ఒక్కటీ వినపడలేదు.

"పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో కలిపి తాగాల. ఆసుపత్రి మాత్రలు ఆపేయాల, రెండూ కలిస్తే వేడి చేస్తది. పులుపు, వంకాయ, చేప మానాల."

"చేప మానితే మేం ఇసక తిని బతకాలా సామీ?"

వసారాలో వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. "సరే, చేప తినండి. డాక్టర్లకు మాత్రం చెప్పొద్దు. వాళ్ళకు మన మూలికలంటే గిట్టదు. చెప్పినారంటే మీ మనిషికి వైద్యం గూడా చెయ్యరు."

ఆ మాట పేరమ్మ గట్టిగా గుర్తుపెట్టుకుంది. మునెయ్య తల మీద వేసిన ఒట్టు గురించి తిరుగు రైల్లో కాసేపు ఆలోచించింది. మునెయ్య తల బాగానే ఉంటుంది, చెంచులక్ష్మి చేతులు బాగుపడితే చాలు, ఆ తర్వాత ఏ దేవుడికైనా చెంపలు వేసుకోవచ్చు అనుకుంది.

పొడి పనిచేసింది. అలా ఇలా కాదు. ఆ వారం తిరక్కముందే ఒక పొద్దున పేరమ్మ దువ్వెన పట్టుకుని వస్తే చెంచులక్ష్మి అప్పటికే కొప్పు ముడేసుకుని కూర్చుని ఉంది. పిడికిలి బిగించి చూపించింది. తర్వాత కత్తిపీట వేసుకుని పెద్ద వంజరం చేపను తల దగ్గర్నించి తోక దాకా ఒక్క ఊపున చీల్చింది. పేరమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎన్నాళ్ళకో చెంచులక్ష్మి కడుపునిండా తింది. బుగ్గలు నిండాయి, మొహం గుండ్రంగా వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళు "పెండ్లికూతురు మాదిరి అయినావే" అని ఎగతాళి చేశారు. చిన్న దెబ్బ తగిలినా చర్మం కింద నల్లగా కమిలేది కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎండాకాలంలో మునెయ్య వచ్చి అక్క చేతులు తిప్పి తిప్పి చూసి సంతోషపడ్డాడు.

"చూసినావా, డాక్టరు మాట వింటే ఎట్టా ఉంటదో" అన్నాడు.

పేరమ్మ అవునంది. చెంచులక్ష్మి తల వంచుకుని నెత్తళ్ళలో చెత్త ఏరుతూ కూర్చుంది.

చెంచులక్ష్మికి మాత్రం ఇంకో లెక్క ఉంది. పోయిన ఏడు రొట్టెల పండగకు సర్దార్‌బీయే వాళ్ళిద్దర్నీ నెల్లూరు చెరువుకు తీసుకుపోయింది. చెరువు నీళ్ళలో దిగి, తల మీద కొంగు కప్పుకుని, చెంచులక్ష్మి ఆరోగ్య రొట్టె పట్టింది. ఒకామె తనకు నయమైందని ఇచ్చిన రొట్టె అది. ఆ నీళ్ళలోనే నిలబడి తినింది. కోరుకున్నది జరిగితే మరుసటి ఏడు అదే చెరువులో, ఆ కోరికతో వచ్చిన ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. అది మొక్కు. మతం ఏదైనా ఆ నీళ్ళలో దిగిన వాళ్ళందరికీ మొక్కే.

"నేను రొట్టె ఇచ్చుకోవాలక్కా" అంది మొహర్రం నెల దగ్గర పడగానే.

"ఇద్దాంలే. నయమైంది గదా."

"పొడి తాగతా ఉండాగా. నయమైనట్టేనా?"

"ఆ రొట్టె మహిమే మనకు ఆ పొడి చూపించింది అనుకో" అని తేల్చేసింది పేరమ్మ.

రొట్టెలు చెంచులక్ష్మి తన చేత్తోనే చేసింది. గోధుమపిండి తానే కలిపి, తానే వత్తి, తానే కాల్చింది. పండగ రోజు చెరువు నిండా జనం. చదువు రొట్టె, ఇంటి రొట్టె, సంతాన రొట్టె అని ఎక్కడికక్కడ బోర్డులు పెట్టి ఉన్నాయి. ఆరోగ్య రొట్టె బోర్డు దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో చెంచులక్ష్మి నిలబడగానే ఒక చిన్నవయసామె ఎదురుగా వచ్చింది. చెంచులక్ష్మి చూపు ఆమె వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. అవే కణుపులు, అదే వాపు.

"మీకు పూర్తిగా నయమయిందా అక్కా? మందులు కూడా లేవా?" అని అడిగింది ఆ అమ్మాయి కొంగు పట్టి.

"నయమయిందమ్మా. ఏ మందూ లేదు" అంది చెంచులక్ష్మి. రొట్టె కొంగులో పెట్టింది.

పక్కనే ఉన్న పేరమ్మకు ఆ మాట పెద్దగా తోచలేదు. ఏదో మంచి మాట చెప్పింది, పోనీలే అనుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెంచులక్ష్మి కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. అలసిపోయిందని పేరమ్మ అనుకుంది.

ఆ తర్వాతి రోజుల్లో చెంచులక్ష్మి కాస్త నీరసంగా ఉండేది. ఎండలకని పేరమ్మ మజ్జిగ పోసింది. అన్నం సగంలో వదిలేసింది, పండగ తిరుగుడని సరిపెట్టుకుంది. వేళ్ళు మళ్ళీ ఉబ్బడం కంటపడినప్పుడు మాత్రం పేరమ్మ గుండె జారిపోయింది. "పొడి సరిగ్గా తాగతా ఉండావా?" అని అడిగితే చెంచులక్ష్మి తల ఊపింది. పేరమ్మ వేకువనే బస్సుకు పోయే మనిషి. పరగడుపున ఇంట్లో ఏం జరుగుతుందో చూసేవాళ్ళు లేరు.

ఒకరోజు పేరమ్మ ఖాళీ గంపతో ఇంటికి వచ్చేసరికి చెంచులక్ష్మి ఎండుచేపల పక్కన ఇసకలో పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పొద్దుటినుంచీ వాంతులు అయినట్టు చీరె చెబుతోంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. "లే చెంచులచ్మీ, లోపలికి పోదాం" అని లేపి కూర్చోబెడితే తల వాలిపోయింది. వాడకట్టు వాళ్ళు నూటఎనిమిదికి ఫోను చేశారు. ఎవరో కోవూరుకు కూడా చేశారు. పేరమ్మ వద్దనలేకపోయింది.

పెద్దాసుపత్రిలో బీపీ చూసిన నర్సు మళ్ళీ చూసింది. మళ్ళీ చూసి డాక్టరమ్మను పిలిచింది. ఆ డాక్టరమ్మ సన్నగా, అద్దాలు పెట్టుకున్న మనిషి. నెల్లూరు యాసే. సెలైను ఎక్కిస్తూనే ఒక్కోటి అడగడం మొదలుపెట్టింది. జ్వరం వచ్చిందా, విరేచనాలయ్యాయా, బయట ఏమైనా తిన్నదా. అప్పటికే మునెయ్య వచ్చి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. లారీ తోలుతున్నవాడు తోలుతున్నట్టే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా ఊక.

"ఏమేం మందులు వాడతా ఉందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇక్కడ ఇచ్చిందేనమ్మా. కీళ్ళకు, వారానికి ఒక మాత్ర" అంది పేరమ్మ.

"ఇంకేమన్నా? ఆయుర్వేదం, పొడులు, కషాయాలు?"

పేరమ్మ మునెయ్య వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. "ఏం లేదమ్మా" అంది.

"అట్టాంటివి మేం పెట్టం డాక్టరుగారూ. నా తల మీద ఒట్టేసుండాది" అన్నాడు మునెయ్య.

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాసి, రక్తం తీయించి, ఎక్కడో చీము పట్టి ఒళ్ళంతా పాకిందేమోనని మందులు మొదలుపెట్టించింది. ఒక సీసా అయిపోయింది. రెండోది పెట్టారు. బీపీ లేవలేదు. పక్క మంచాల వాళ్ళకు క్యారియర్లు వచ్చి, తిని, కడుక్కుని, పడుకున్నారు. చెంచులక్ష్మి పెదవులు ఎండి తెల్లబడ్డాయి. పేరమ్మ చెంచాతో నీళ్ళు పోస్తే మింగుడు పడక గడ్డం మీదుగా కారిపోయాయి. డాక్టరమ్మ మునెయ్యను పక్కకు పిలిచి, పరిస్థితి బాగాలేదు, లోపలి వార్డుకు మారుస్తాం, దగ్గరవాళ్ళుంటే పిలిపించుకోండి అని చెప్పడం పేరమ్మకు వినపడింది.

మునెయ్య ఫోను పట్టుకుని వరండాలోకి పోయాడు. పేరమ్మ చెంచులక్ష్మి చెవి దగ్గరకు వంగింది.

"పొడి యాడ పెట్టినావే? నేను పోయి తెస్తా. ఎవరికీ తెలవకుండా కాస్త నాలిక మీద వేస్తా. అది పడితే లేస్తావు."

చెంచులక్ష్మి కళ్ళు సగం తెరిచింది. "తాగడంలా" అంది.

"ఏంది?"

"రొట్టె ఇచ్చిన్నాటి నుంచి తాగడంలా. ఆ బిడ్డ నీళ్ళల్లో నిలబడి అడిగింది… మందు లేదని చెప్పినా. చెప్పినాక మళ్ళీ ఎట్టా తాగేది. నేను అబద్ధం రొట్టె ఇచ్చినట్టు కాదా." కాసేపు ఊపిరి తీసుకుంది. "నీకు చెప్తే ఏడస్తావని."

పేరమ్మకు అప్పుడు ఒక్కటే అర్థమైంది. పొడి మానింది కాబట్టి రోగం తిరగబడింది. పొడి పడితే మనిషి దక్కుతుంది. ఇంకేమీ ఆలోచించలేదు. వరండాలో ఉన్న మునెయ్యతో చీరె మార్చుకొస్తానని చెప్పి, గేటు బయట మైపాడు బస్సు వస్తుంటే పరుగున పోయి ఎక్కింది. బస్సు నిండా తెలిసిన మొహాలే. ఎవరో పలకరించారు, ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. ఇంటికి పోవాలి, పొడి ఏ డబ్బాలో పెట్టిందో వెతకాలి, మళ్ళీ బస్సు దొరకాలి. అన్నీ జరిగి వచ్చి నాలిక మీద వేస్తే, చెంచాడు నీళ్ళు మింగలేని మనిషి ఆ పొడిని ఎలా మింగుతుంది?

కిటికీలోంచి ఊరు వెనక్కిపోతుంటే పడవ మీద నిలబడి దూరమవుతున్న పెద్దాయన గుర్తొచ్చాడు. ఆ రోజు ఆయన్ను ఆపడానికి ఎన్నో వంకలు చెప్పింది. ఇవాళ తానే వదిలేసి పోతోంది. పోయి వచ్చేలోపు మంచం ఖాళీగా ఉంటే?

డాక్టరమ్మకు చెప్పాలి. చెబితే వైద్యం చెయ్యరని బిట్రగుంట ఆయన అన్నాడు. చేసినా మునెయ్య వింటాడు. వింటే చెంచులక్ష్మిని ఇంక ఒక్క పూట కూడా మైపాడులో ఉండనివ్వడు. అడ్డం చెప్పడానికి తనకు ఏ మొహం ఉంటుంది? ఇన్నాళ్ళూ ఏ భయంతో ఒట్టు తప్పిందో ఆ భయమే నిజమవుతుంది. అయినా కోవూరంటే పెన్న దాటితే వస్తుంది. బస్సు పోతుంది. చెంచులక్ష్మి ఇప్పుడు పోతున్న చోటికి బస్సులు పోవు.

"ఆపయ్యా, దిగాల" అని లేచి నిలబడింది.

"ఇక్కడ స్టాపు లేదు పెద్దమ్మా. ఇప్పుడే గదా ఎక్కినావు" అన్నాడు కండక్టరు.

"దిగాల నాయనా, నా మనిషి చచ్చిపోతా ఉండాది" అంది. బస్సు ఆగింది.

ఆటోలో తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ మంచం దగ్గరే ఉంది. మునెయ్యా అక్కడే ఉన్నాడు. అతన్ని బయటికి పంపించి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. పంపించడానికి వంక వెతికే ఓపిక కూడా లేదు.

"అమ్మా, నేను అబద్ధం చెప్పినా" అంది. "పొడి పెట్టినా. పోయిన చలికాలం నుంచి రోజూ పెట్టినా. మీ మాత్ర అప్పుడే మాన్పించినా. రొట్టెల పండగనాడు రొట్టె ఇచ్చి, ఇంక మందు తాగగూడదని ఆమె పొడి కూడా మానేసింది. నాకు ఇప్పుడే చెప్పింది. వైద్యం చెయ్యనని మాత్రం అనబాకమ్మా. నన్నేమన్నా అను."

డాక్టరమ్మ ఒక్కసారిగా చెంచులక్ష్మి మొహం వైపు తిరిగింది. గుండ్రటి బుగ్గల్ని, మోచేతి మీది కమిలిన మచ్చల్ని వేలితో తడిమింది. "పొడి తాగినాక ఎన్నాళ్ళకు నొప్పి తగ్గింది?"

"వారం లోపే తల్లీ."

"పండగ నుంచి ఒక్కరోజు కూడా తాగలా?"

"లేదంట."

డాక్టరమ్మ నర్సుకు ఒక ఇంజెక్షను పేరు చెప్పి వెంటనే తెమ్మంది. తెచ్చేలోపు పేరమ్మతో గబగబా మాట్లాడింది. "శొంఠి, అశ్వగంధ మానేస్తే ఎవురూ ఇట్టా పడిపోరమ్మా. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపినారని నా అనుమానం. అట్టా అయితేనే వారంలో వాపు తీస్తది. మొహం అట్టా ఉబ్బిస్తది. నెలల తరబడి పడితే, ఒళ్ళు తను తయారుచేసుకోవాల్సింది చేసుకోవడం మానేస్తది. అప్పుడు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషే పోతారు. తాగడం ఒక తప్పు, ఉన్నట్టుండి మానడం ఇంకో ప్రమాదం. నేను అడిగినప్పుడే చెప్పుంటే…" అని ఆగి, ఇంజెక్షను అందుకుంది.

మునెయ్య చొక్కా మీది ఊక దులుపుకుంటూ నిలబడ్డాడు. చాలాసేపు అలా దులుపుతూనే ఉన్నాడు.

పొద్దు వాలేసరికి బీపీ కాస్త పైకి వచ్చింది. మర్నాడు చెంచులక్ష్మి మంచినీళ్ళు మింగింది. ఆ తర్వాత గంజి తాగింది. గంజి పట్టించింది పేరమ్మే. చెంచులక్ష్మి వేళ్ళు మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బి గిన్నె దగ్గరికే రాలేదు. ఇప్పుడు ఆ మందునే మాత్రల్లో, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఇవ్వాలనీ, మళ్ళీ వారం మాత్ర మొదలుపెట్టాలనీ, రక్తపరీక్షలకు తిరగాలనీ డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన పొడి తెస్తే పరీక్షకు పంపిస్తానంది. చేతులు ఎంతవరకు తిరిగి వస్తాయని పేరమ్మ అడిగితే, చూద్దాం అంది. పోయిన కాలం పోయిందమ్మా అని కూడా అంది.

వరండాలో మునెయ్య ఎదురుపడ్డాడు. అతను తిడితే బాగుండునని పేరమ్మ ఎదురుచూసింది.

"నా తల మీద చెయ్యేసినావు గదా పేరమ్మక్కా" అన్నాడు.

"వేసినా."

"మా అక్కను చంపేదానివి."

"అవును అబ్బయా."

అతను మెట్ల వైపు తిరిగాడు. "టీ తాగినావా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా కిందికి పోయి రెండు టీలు తెచ్చాడు.

ఇంటికి పంపించే రోజు మునెయ్య లారీ ఆసుపత్రి గేటు దగ్గర పెట్టాడు. కోవూరుకేనని అందరికీ తెలుసు. పేరమ్మ చెంచులక్ష్మికి తల దువ్వుతూ, చివరికి ఆగలేక అడిగింది. "నీకు పోవాలని ఉండాదా? లేదంటే చెప్పు. నేను మీ తమ్ముడి కాళ్ళు పట్టుకుంటా. పొడీ గిడీ ఏమీ ఉండవు. ఆ మాత్రలే వేస్తా."

చెంచులక్ష్మి తన చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

"వాడు పిలిచినందుకు కాదక్కా నేను పోతా ఉండేది. నువ్వు పొడి పెట్టినందుకూ కాదు."

"మరి?"

"ఈ మాత్రలకు నెలలు పడతాది. ఈ నెలలన్నీ నేను ఇట్టనే ఉంటా. నన్ను ఇట్టా చూసి నువ్వు తట్టుకోలేవు. ఎవరో ఏదో చెప్తారు, నువ్వు పోయి తెస్తావు."

"తేను."

"తెస్తావు. తెచ్చి నా ముందర పెట్టి నిలబడతావు. నీ మొహం చూస్తే నేను కాదనలేను, తాగతా. అప్పుడు ఇద్దరం పోతాం." జారుతున్న కొంగును మోచేత్తో ఒళ్ళోకి లాక్కుంది. "రోజారమణి తెచ్చి పెడితే నేను ఛీ అనగలను. నీకాడ అనలేను."

పేరమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. కాదని ఒట్టు వేద్దామనుకుంది. ఎవరి తల మీద వేయాలో తెలియలేదు. కాసేపటికి మళ్ళీ దువ్వి, జడ అల్లి, చివర ముడి వేసింది.

లారీ ముందు సీటు ఎత్తు. చెంచులక్ష్మికి పైన కమ్మీ పట్టుకోవడానికి వేళ్ళు రాలేదు. మునెయ్య అటువైపు తన సీట్లో ఎక్కి కూర్చుని అక్క భుజాలు పట్టుకున్నాడు. కింది నుంచి ఎత్తాల్సింది పేరమ్మే. నడుం కింద చెయ్యి వేసి, మోకాలు ఆనించి, చేపల గంపలు మోసిన బలమంతా పెట్టి ఎక్కించింది. పాదాలు లోపలికి సర్దింది. మాత్రల సంచి ఒళ్ళో పెట్టింది. వారం మాత్ర బుధవారమే, మిగతా రోజుల్లో ముట్టుకోగూడదని మునెయ్యకు చెప్పింది. చెప్పినావులే అన్నాడతను. ఇంకోసారి చెప్పింది.

ఇంజను మోగింది. పేరమ్మ అక్కడే నిలబడి ఉంది. చెంచులక్ష్మి ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆమె వైపు చూసింది.

"తలుపు వెయ్యక్కా" అంది. "నాకు చెయ్యి రాదు."

పేరమ్మ రెండు చేతులతో తలుపు పట్టుకుని, ఒకసారి వేస్తే పడలేదు, ఇంకాస్త గట్టిగా వేసింది.